పోస్టుమార్టం మేస్త్రి, నాలుగో కేబుల్

మా బాబాయి చేతికి చచ్చిన వస్తువు దొరికితే, దాన్ని కోసి చూడకుండా పారేసిన పాపాన ఎప్పుడూ పోలేదు. ఆగిపోయిన గడియారం, రాయడం మానేసిన పెన్ను, గాలి నిలవని బంతి, ఏదైనా సరే. ఎందుకు పోయిందో తెలిసేదాకా ఆయనకు ముద్ద దిగదు. తెలిశాక మాత్రం అది బాగయిందా లేదా అన్న పట్టింపు పెద్దగా ఉండదు. మా పిన్ని బాధల్లా అదే. ఆయన పనిచేసే అట్టపెట్టెల ఫ్యాక్టరీలో అందరూ ఆయన్ని పోస్టుమార్టం మేస్త్రి అంటారు. మొదట్లో చాటుగా అనేవాళ్ళు. తర్వాత ఎదురుగానే పిలవడం మొదలుపెట్టారు, ఈయన పలకడమూ మొదలుపెట్టాడు.

బాబాయి అంటున్నాను గాని మాకు రక్తసంబంధం లేదు. మా నాన్నా ఆయనా పద్దెనిమిదేళ్ళ వయసులో ఒకే కాంట్రాక్టరు దగ్గర వైరింగు పనికి చేరారు. కొన్నాళ్ళకు నాన్న కేబుళ్ళ కొట్టు పెట్టుకున్నాడు, ఈయన ఫ్యాక్టరీలో ఎలక్ట్రికల్ మేస్త్రిగా కుదురుకున్నాడు. అప్పటినుంచి ఆ ఫ్యాక్టరీకి కావలసిన కేబులంతా మా కొట్టునుంచే వెళ్తోంది. నాన్న పోయి ఏడేళ్ళయింది. కొట్టు ఇప్పుడు నాది. నోరు కూడా నీదే అంటాడు మా ఆయన.

మా కొట్టు సన్నగా, పొడుగ్గా రైలుపెట్టెలా ఉంటుంది. రెండు వైపులా కేబుల్ డ్రమ్ములు ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టి ఉంటాయి, మధ్యలో ఒక మనిషి నడిచేంత దారి. ఆ దారి పొడవునా నేల మీద మీటరుకొక తెల్ల గీత, నాన్న గీసిందే. డ్రమ్మును పడుకోబెట్టి, అంచు మీద ఒక కాలు ఆనించి, కేబుల్‌ను చుట్టు తరవాత చుట్టు పైకి లేపుతూ లాక్కుంటూ పోవడం నాన్న నాకు నేర్పిన ఒడుపు. ఇరవై మీటర్లు లాగి, కోసి, చుట్ట చుట్టి చేతిలో పెట్టడానికి నాకు రెండు నిమిషాలు చాలు. పక్క వీధి కొట్లలో డ్రమ్మును స్టాండుకెక్కించి, ఇద్దరు పట్టుకుని తంటాలు పడుతుంటే చూసి నవ్వుకునేదాన్ని.

కేబుల్ అంటే గోడలో దూరే తీగే అనుకుంటారు చాలామంది. కొట్టుకొచ్చి "ఒక పది మీటర్లివ్వండి" అంటారు, ఏ రకమో చెప్పరు. కాలి కొలత చెప్పకుండా చెప్పులడిగినట్టు ఉంటుంది నాకు. మోటారుకు బలమిచ్చే కేబుల్ వేరు. యంత్రానికి ఆగు, కదులు, వెనక్కి రా అని కబురు మోసే కేబుల్ వేరు. ఈ రెండోదాన్నే కంట్రోల్ కేబుల్ అంటారు. పైతొడుగు చీలిస్తే లోపల పన్నెండో, పద్దెనిమిదో నల్ల తీగలుంటాయి, ఒక్కోదాని మీద తెల్లగా ఒక్కో అంకె. వాటి మధ్య ఎర్తు తీగ ఒక్కటే పసుపు, ఆకుపచ్చ కలిసిన రంగులో ఉంటుంది. పక్కన పెద్ద మోటార్లు రొద పెట్టేచోట కబురు చెడిపోకుండా తీగల చుట్టూ రాగి జాలీ అల్లిన రకముంది. నూనె కారే యంత్రాలకు నూనె తిన్నా ఉబ్బని తొడుగుండే రకముంది.

ఇవన్నీ ఒక ఎత్తు, స్వభావం ఒక ఎత్తు. నాన్న వాటిని మనుషుల్లా చెప్పేవాడు. ఒకసారి కూర్చుంటే జన్మలో లేవని రకం ఒకటి. దాన్ని గోడకు బిగించి మరిచిపోవచ్చు. ఎప్పుడో ఒకసారి లేచి అటూ ఇటూ మసలే రకం ఇంకోటి. పొద్దున లేచింది మొదలు పరిగెత్తే రకం మూడోది. దీని లోపలి రాగి పోగులు వెంట్రుకలంత సన్నం. తీగలు ఒకదాని మీద ఒకటి జారేలా మధ్యలో మెత్తటి పట్టీ చుట్టి ఉంటుంది. లక్షలసార్లు వంగినా దానికి చీమ కుట్టినట్టుండదు. చీమ కుట్టకూడదు కూడా. మా కథంతా అక్కడే వచ్చింది.

బాబాయి ఫ్యాక్టరీలో ఒక కోత బల్ల ఉంది. పన్నెండు మీటర్ల పొడవు. దాని మీద వంతెన లాంటిది ఒకటి అటూ ఇటూ పరిగెడుతూ అట్టలు కోస్తుంది. వంతెనతో పాటే ప్లాస్టిక్ గొలుసు ఒకటి మోచేయి మడిచినట్టు మడుచుకుంటూ, చాచుకుంటూ కదులుతుంది. ఆ గొలుసు డొల్లలో మన పరుగుల రకం కేబుల్ ఉంటుంది, పద్దెనిమిది మీటర్లు. యంత్రంతో వచ్చిన కేబుల్, దాన్ని అమ్మినవాళ్ళ మనుషులే బిగించింది, ఐదేళ్ళు ఆడింది. అది అరిగాక నా కొట్టు కేబుల్ వేశారు. ఆరు వారాలకే పోయింది. రెండోది ఐదు వారాలు. మూడోది నెల కూడా నిండలేదు. మూడుసార్లూ కత్తి అట్టలో దిగి ఉండగానే యంత్రం బిగుసుకుపోయిందట.

మేనేజరు ఫోన్ చేశాడు. "మంగళవారం పదకొండింటికి రండి. మా జాబితాలో మీ కొట్టు పేరు ఉంచాలో తీసేయాలో ఆ రోజు తేల్చేద్దాం" అన్నాడు. నా వ్యాపారంలో ముప్పాతిక ఆ ఫ్యాక్టరీయే. అది పోవడం ఒక బాధ, దొంగసరుకు అమ్మిందన్న మాట సాయంత్రానికల్లా వీధంతా పాకడం ఇంకో బాధ. కొట్టు బోర్డు మీద ఇంకా నాన్న పేరే ఉంది. నేను కొన్నది అసలు సరుకే, తెప్పించిన చోటా ముప్పై ఏళ్ళుగా మాకు తెలిసిన చోటే.

అది చాలదన్నట్టు ఫ్యాక్టరీ కొనుగోళ్ళ గుమాస్తా నా చెవిన ఇంకో మాట వేశాడు. మేనేజరు అడిగితే మా బాబాయి బల్లగుద్ది చెప్పాడట, "నేను వేసిన తీరులో తప్పు లేదు" అని. అంటే తప్పు కేబుల్‌దనేగా! చిన్నప్పుడు నన్ను ఎత్తుకు తిరిగిన మనిషి అంత మాట అంటాడా అని నాకు ఒళ్ళు మండిపోయింది. ఆదివారం అన్నం తిన్న చెయ్యి ఆరకముందే వాళ్ళింటికి బయల్దేరాను.

వాళ్ళది రెండు గదుల ఇల్లు. ముందుగదిలో కిటికీ దగ్గర పిన్ని కుట్టు మిషను. ఆవిడ కర్టెన్లూ, దిండు గలీబులూ కుడుతుంది. మిగతా గదంతా ఆ రోజు బాబాయి ఆక్రమించేశాడు. తెగిన మూడు కేబుళ్ళూ గోడనుంచి గోడకు మడతలు పెట్టి పరిచి ఉన్నాయి. మధ్యలో ఈయన గొంతుక్కూచుని, ఒక చేత్తో భూతద్దం, ఇంకో చేత్తో కొక్కెం కత్తి.

"రా అమ్మా. చెప్పులు అక్కడే విడువు. వద్దొద్దు, రాగిముక్కలు గుచ్చుకుంటాయి, చెప్పులతోనే రా" అన్నాడు తలెత్తకుండా.

"నేను చెప్పులు విడవడానికి రాలేదు బాబాయ్. పోట్లాడటానికొచ్చాను."

"పోట్లాడుదువుగాని. ముందు ఇది చూడు."

మిషను దగ్గర్నుంచి పిన్ని, "ముందు దానికి మంచినీళ్ళివ్వనీయండి. ఆవేశంగా వచ్చింది" అంది. నీళ్ళు తాగేసరికి నా కోపం సగం దిగిపోయింది. అది నాకు నచ్చలేదు. మిగిలిన సగాన్ని పట్టుకుని మొదలుపెట్టాను.

"నీ తీరులో తప్పు లేదన్నావట. అంటే నా కేబులే దొంగదంటావా?"

"నేను రెండు ముక్కలన్నాను. నా తీరులో తప్పు లేదు, కేబుల్లోనూ నాకు తప్పు కనబడలేదు అని. రెండో ముక్క నీదాకా రాలేదేమో."

గుమాస్తాను మనసులోనే ఉతికి ఆరేశాను. బాబాయి నా చెయ్యి పట్టి కూర్చోబెట్టి, కోసిన చోటు చూపించాడు. పైతొడుగు మీద గీత కూడా లేదు. లోపల మూడో నెంబరు తీగ, ఏడో నెంబరు తీగ తెగి ఉన్నాయి. తెగిందని చూస్తే తెలీదు, పట్టి లాగితే ఆ చోట మెత్తగా సాగుతుంది, లోపల రాగి తెగిపోయింది గనక. మిగతావి కూడా వాటి చోట్లలో లేవు. ఒక పక్కకు తోసుకుని, కేబుల్ కడుపులో గూనిలా పైకి లేచి ఉన్నాయి.

"గొలుసు వంపు కొలిచాను. కేబుల్ లావుకి పదిరెట్లు పైనే ఉంది, చాలు. రెండు కొసలా బిగించాను, మధ్యలో ఎక్కడా కట్టలేదు. పక్కన ఇంకో కేబుల్ రాసుకోకుండా అడ్డు పెట్టాను. నీ కేబుల్లో పోగులు లెక్కపెట్టాను, ఒక్కటి కూడా తక్కువ లేదు. నువ్విచ్చింది మంచిదే, నేను వేసిందీ మంచిగానే. మరి ఇది ఎందుకు చచ్చింది?" అన్నాడు. ఆ చివరి ప్రశ్న నన్ను కాదు, కేబుల్‌నే అడుగుతున్నట్టు అడిగాడు. వారంనుంచి నిద్రపోలేదని కళ్ళే చెబుతున్నాయి.

అప్పుడు నాకు ఒకటి కనబడింది. కేబుల్ తొడుగు మీద ఈ కొసనుంచి ఆ కొసదాకా తెల్ల అక్షరాలుంటాయి. రకం, తీగల సంఖ్య, మీటరు మీటరుకీ అంకె. ఇక్కడ అక్షరాలు పైకి చూస్తున్నాయి. అర గజం అవతల పక్కకు తిరిగాయి. ఇంకా అవతల నేలకేసి వెళ్ళిపోయి, మళ్ళీ పైకొచ్చాయి.

"బాబాయ్, ఇవి ఇలా ఉండవు. కొత్తదాంట్లో గీత గీసినట్టు తిన్నగా ఉంటాయి."

"అదే నేనూ నిన్నట్నుంచి చూస్తున్నాను. తయారుచేసేవాళ్ళు తిన్నగానే అచ్చేస్తారు. మన యంత్రం ముందుకీ వెనక్కీ పోతుంది తప్ప పక్కకి తిరగదు. మరి దీన్ని మెలేసిందెవరు?"

ఇద్దరం దాన్నే చూస్తూ కూర్చున్నాం. పోట్లాడటానికొచ్చిన సంగతి నాకు అప్పటికే మరుపులో పడిపోయింది.

"ఏమే, ఊరికే కూచునే బదులు ఆ రిబ్బను కాస్త లాగివ్వు, కర్టెన్ అంచుకి" అంది పిన్ని. గులాబీ రంగు రిబ్బను చుట్ట బల్ల మీద పడుకుని ఉంది. నేను అలవాటు చొప్పున ఒక వేలుతో దాన్ని నొక్కిపట్టి, చుట్టు చుట్టుగా పైకి లాగాను. కొట్టులో లాగినట్టే, చకచకా.

"అయ్యో, అలా కాదే! మెలికలు పడుతుంది" అని పిన్ని నా చేతిలోంచి లాక్కుంది. "ఊచకి గుచ్చి లాగాలి. చుట్ట తిరగాలి, రిబ్బను తిరక్కూడదు." మిషను పక్కన ఒక ఇనప ఊచ ఉంది. చుట్టను దానికి గుచ్చి కొస పట్టి లాగింది. చుట్ట గిరగిరా తిరిగింది, రిబ్బను బల్లపరుపుగా వచ్చింది.

బాబాయి చేతిలో భూతద్దం కింద పెట్టేశాడు. "మళ్ళీ లాగమ్మా. ఇందాకట్లాగా" అన్నాడు. పిన్ని వద్దంటున్నా చుట్టను ఊచనుంచి తీసి పడుకోబెట్టాడు. నేను లాగాను. ఒక చుట్టు ఊడితే రిబ్బనులో ఒక మెలిక. రెండు చుట్లకు రెండు. పదిదాకా లెక్కపెట్టాడు. పదికి పదీ.

"నేను కేబుల్ చుట్టని ఇలాగే విప్పుతాను. కింద పడేసి, కొస పట్టుకుని లాక్కుంటూ పోతాను. నలభై ఏళ్ళనుంచీ" అన్నాడు మెల్లగా.

"మరి ఇన్నాళ్ళూ ఒక్కటీ తెగలేదేం?"

"ఇన్నాళ్ళూ వేసినవన్నీ గోడకి బిగించేవేగా. పడుకున్నవాడికి చొక్కా మెలితిరిగి ఉన్నా ఏమీ కాదు. పరిగెత్తేవాడికైతే అడుగడుక్కీ పట్టేస్తుంది. రోజుకి కొన్ని వేలసార్లు వంగుతుంది కదా అది. వంగినప్పుడల్లా లోపలి తీగలు మెలిక విప్పుకోవాలని ఒకే పక్కకి లాక్కుని ఉంటాయి." ఆయన మొహం కారణం తెలిసినప్పుడల్లా వెలిగిపోయేది. ఆ రోజు వెలిగి, వెంటనే ఆరిపోయింది.

పిన్ని రిబ్బను చుట్టుకుంటూ, "పెళ్ళయినప్పట్నుంచీ ఊచకే గుచ్చుతున్నాను. ఈ మిషను కూడా ఇక్కడే ఉంది. ఒక్క రోజైనా ఇటు చూశారా? ఎంతసేపూ చచ్చినవాటి వైపే చూపు" అంది.

"అయితే నా కేబుల్ తప్పేం లేదన్నమాట!" అని నేను ఎగిరి గంతేసినంత పనిచేశాను. రిబ్బను లాగింది నా చేతులే. ఆ లాగుడు ఏ కొట్టులో అలవాటైందో అప్పటికైనా నాకు తట్టాలి. తట్టలేదు. సంబరంలో కళ్ళు నెత్తికెక్కాయి. బాబాయి నా మొహంలోకి కాసేపు చూశాడు. ఏదో అనబోయి, ఆగి, "లేదమ్మా, కేబుల్ తప్పు లేదు. మంగళవారం నువ్వేం మాట్లాడకు. నేను చెబుతాను" అన్నాడు.

మంగళవారం మేనేజరు గదిలో నలుగురం కూర్చున్నాం. మేనేజరు, గుమాస్తా, బాబాయి, నేను. గాజుగోడ అవతల కోత బల్ల ఆగిపోయి ఉంది. బాబాయి జేబులోంచి గులాబీ రంగు రిబ్బను చుట్ట తీసి మేనేజరు ముందు పెట్టేసరికి గుమాస్తా ఫక్కున నవ్వాడు. మేనేజరు నవ్వలేదు. బాబాయి చుట్టను పడుకోబెట్టి లాగి చూపించాడు, పెన్సిలుకు గుచ్చి లాగి చూపించాడు. తర్వాత మెలిపడిన కేబుల్ ముక్క తీసి అక్షరాలు చూపించాడు.

"అంటే తప్పెవరిది?" అన్నాడు మేనేజరు.

"నాదండి."

"కొట్టులో కూడా లాగి, చుట్టే ఇస్తారు కదా? అక్కడ ఏమైనా..."

"కొట్టునుంచి ఎలా వచ్చినా, చూసుకుని వెయ్యాల్సింది మేస్త్రి. నేను చూసుకోలేదు."

మేనేజరు కాసేపు పెన్సిలు తిప్పుతూ కూర్చున్నాడు. బాబాయి రిటైరు కావడానికి ఇంకా ఎనిమిది నెలలుంది. ఆ తర్వాత కూడా కొత్త ఎలక్ట్రీషియన్లకు పని నేర్పడానికి ఆయన్ని వారానికి రెండు రోజులు ఉంచుకోవాలని అప్పటికే అనుకున్నారు. ఆ కబురు చెప్పేటప్పుడు బాబాయి చొక్కా గుండీలు తెగిపోతాయేమో అన్నంత పొంగిపోయాడని పిన్ని చెప్పింది. "ఆ నేర్పించే విషయం తర్వాత ఆలోచిద్దాం లెండి" అన్నాడు మేనేజరు. బాబాయి తలూపాడు. రిబ్బను చుట్ట జాగ్రత్తగా చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

నా కొట్టు పేరు జాబితాలో ఉండిపోయింది. నాలుగో కేబుల్ గురువారానికి పంపమన్నారు. బాబాయి మొహం చూస్తే జాలేసింది, కాదనను. కాని ఇంటికొచ్చేదాకా నా కాళ్ళు నేల మీద లేవన్నది కూడా నిజం.

ఆ మధ్యాహ్నమే నాలుగో కేబుల్ కోద్దామని డ్రమ్ము అంచు మీద కాలు పెట్టాను. కొస పట్టుకుని, చుట్టు లేపి, లాగుతూ వెనక్కి నడిచాను. ఒకటో గీత, రెండో గీత. మూడో గీత దగ్గర ఎందుకో కిందికి చూశాను. అక్షరాలు పక్కకు తిరిగిపోయి ఉన్నాయి. నాలుగో గీత దగ్గర అసలు లేవు, నేలకేసి వెళ్ళిపోయాయి. చేతులు అక్కడే ఆగిపోయాయి. ఎవరో నిలబెట్టి తల తీసేసినట్టయింది.

ఈ కొట్టులో, ఇదే స్టూలు మీద, ముప్పై ఏళ్ళుగా టీ తాగుతూ బాబాయి చూస్తూనే ఉన్నాడు నాన్న లాగడం, నేను లాగడం. ఆదివారం నేను రిబ్బను లాగినప్పుడే ఆయనకు మెలిక పడే రెండు చోట్లూ కనబడ్డాయి. మేనేజరు అడిగిన ప్రశ్నకు జవాబు ఆయన నోట్లోనే ఉంది. అది మింగేసి, మొత్తం తన నెత్తిన వేసుకున్నాడు. నేనేమో పక్కనే కూర్చుని తలూపాను.

ఫోన్ చేశాను. "బాబాయ్, నీకు ఆదివారమే తెలుసు కదూ?"

"ఏంటమ్మా?"

"ఏంటో నీకు తెలుసు. నా కొట్టులోనూ మెలిక పడుతోంది. ఎందుకు చెప్పలేదు?"

"ఆ గదిలో కొట్టు మాటెత్తితే నీ పేరు పోయేది. నా పేరుకేం, ఎనిమిది నెలల్లో ఎలాగూ నాతోపాటు ఇంటికొచ్చేస్తుంది."

"మరి నాతో చెప్పొచ్చుగా!"

"నువ్వు అంత సంతోషంగా ఉన్నావు. పైగా..." అని గొంతు సవరించుకున్నాడు. "ఆ లాగుడు మీ నాన్న కనిపెట్టిందమ్మా. కాంట్రాక్టరు మాకు స్టాండు ఇచ్చేవాడు కాదు. డ్రమ్ము పడుకోబెట్టి లాగితే ఇద్దరు చేసే పని ఒక్కడే చెయ్యొచ్చని మీ నాన్నకి తట్టింది. అందరికంటే ముందు మా పని అయిపోయేది. మా ఇద్దరికీ ఎంత గర్వంగా ఉండేదో! ఇప్పుడు పోయినవాడి మీద అది తప్పని నేనెలా చెప్పను?"

నేను డ్రమ్ము మీద కూలబడి ఏడ్చాను. సిగ్గుతో ఏడ్చానా, నాన్న గుర్తొచ్చి ఏడ్చానా అంటే చెప్పలేను. రెండూను. మా ఆయన వచ్చి, ఎవరితో పోట్లాడావని అడిగాడు. నాతోనే అన్నాను.

మర్నాడు పొద్దున్నే వెళ్ళి మేనేజరు ముందు కూర్చున్నాను. నోరు మూసుకుని ఒక స్టాండు కొనుక్కుంటే ఎవడికి తెలుస్తుందని దారి పొడవునా మనసు పోరుతూనే ఉంది. అయినా చెప్పాను. "సగం మెలిక మా కొట్టులో పడిందండి. మేస్త్రిగారికి తెలుసు, నన్ను కాపాడటానికి చెప్పలేదు."

మేనేజరు కుర్చీలో వెనక్కి వాలాడు. "మీరు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు."

"తెలిసేది కాదు. ఆయన మీద మాత్రం మచ్చ ఉండిపోయేది."

మళ్ళీ ముందుకు జరిగి అన్నాడు, "నాలుగోది ఆర్నెల్లు ఆడాలి. ఆడితే మీ పేరు ఉంటుంది, ఆయన నేర్పించే పనీ ఉంటుంది. తెగిందా, రెండూ ఉండవు."

గురువారం పొద్దున ఏడింటికి, ఇంకా వీధిలో బళ్ళు మొదలవకముందే, బాబాయీ నేనూ మా ఆయనా కలిసి డ్రమ్మును కొట్టు గుమ్మంలోకి దొర్లించాం. లోపల స్టాండుకు చోటే లేదు మరి. రెండు ఎత్తు స్టూళ్ళ మధ్య ఇనప గొట్టం వేసి డ్రమ్మును దానికి ఎక్కించాం. బాబాయి కొస పట్టుకుని వీధిలోకి నడవడం మొదలుపెట్టాడు. డ్రమ్ము కిర్రుకిర్రుమంటూ తిరిగింది. బేరింగుల కొట్టాయన షట్టరు సగం ఎత్తి వంగి చూశాడు. సైకిళ్ళ మీద పోయేవాళ్ళు దిగి నిలబడ్డారు. "ఏం జరుగుతోందండీ?" అని ఒకావిడ అడిగితే మా ఆయన, "కేబుల్ వాకింగుకి వచ్చిందండీ" అన్నాడు.

మూడు కొట్ల పొడవున పద్దెనిమిది మీటర్లూ పరుచుకుంది. ఈ కొసలో నిలబడి చూశాను. అక్షరాలన్నీ ఆకాశంకేసి చూస్తున్నాయి, ఆ కొసదాకా. బాబాయి నడుం వంచి, మీటరు మీటరుకీ ఉన్న అంకె పైకి చదువుకుంటూ ఆ చివర్నుంచి ఈ చివరికి వచ్చాడు. ఒక్కచోట కూడా మెడ తిప్పాల్సిన పని పడలేదు. నా దగ్గరికొచ్చి, "వాడికి చూపించాల్సింది" అన్నాడు. ఎవరికో నేను అడగలేదు.

దాన్ని పెద్ద చుట్టగా, టైరు దొర్లించినట్టు దొర్లిస్తూ చుట్టాం. ఫ్యాక్టరీలోనూ అలాగే దొర్లిస్తూ విప్పాడట. ఒక రోజంతా ఊరికే తిన్నగా పడుకోబెట్టి, అప్పుడు గొలుసులో వేశాడు.

తర్వాత ఆర్నెల్లు నేను ఎలా గడిపానో నాకే తెలుసు. సోమవారం సోమవారం ఫోన్ చేసేదాన్ని. "ఉందా?" "ఉంది." అంతే మాట. నాలుగో వారం గడిచింది, ఐదోది, ఆరోది. మూడో నెలలో ఒకసారి యంత్రం ఆగిందని తెలిసి కొట్టు మా ఆయనకు వదిలేసి పరిగెత్తాను. తీరా చూస్తే ఎవరో ఆపే మీట మీద మోచెయ్యి పెట్టారట. ఆరో నెల నిండిన రోజు మేనేజరే ఫోన్ చేసి, "మేడమ్, మీ పేరుంది" అని పెట్టేశాడు. నేర్పించే పని రిటైరు కాకముందే అప్పగించారు, బాబాయి కొత్తవాళ్ళకు చెప్పిన మొదటి పాఠం రిబ్బనుతోనేనట. పిన్ని రెండు చుట్టలు కొత్తవి కొనిపించుకుంది.

రిటైరైన రోజు నన్నూ పిలిచారు. అందరూ కలిసి ఆయనకు గోడగడియారం ఇచ్చారు. అది ఎప్పుడు ఆగుతుందా, ఎప్పుడు విప్పుదామా అని ఎదురుచూస్తాడని గుమాస్తా జోకు వేశాడు. ఈసారి మేనేజరు కూడా నవ్వాడు. "ఇంకేమైనా కావాలా మేస్త్రిగారూ? అడగండి" అన్నాడు.

బాబాయి గాజుగోడ అవతలికి చూశాడు. వంతెన అటూ ఇటూ తిరుగుతోంది. "ఆ కేబుల్ కోసి చూడాలనుందండి. ఎనిమిది నెలలైంది. లోపల తీగలు ఎలా ఉన్నాయో" అన్నాడు చిన్నపిల్లాడిలా.

మేనేజరు ఒక్క క్షణం తటపటాయించి, "ఆదివారం ఆపుదాం. కొత్తది వేసి, అది మీరు తీసుకోండి" అన్నాడు.

బాబాయి కిందికి దిగి కోత బల్ల పక్కన నిలబడ్డాడు. నేనూ వెళ్ళాను. గొలుసు మడత విప్పుకుంటూ పోతోంది, మడత వేసుకుంటూ వస్తోంది. సందుల్లోంచి తెల్ల అక్షరాలు కనబడుతున్నాయి, అన్నీ ఒకే పక్కకి. ఆయన జేబులోంచి కొక్కెం కత్తి తీసి, చొక్కా అంచుతో తుడిచాడు. గొలుసు పదిసార్లో పదిహేనుసార్లో వెళ్ళొచ్చేదాకా అలా చూస్తూనే ఉన్నాడు. తర్వాత కత్తి మడిచి లోపల పెట్టుకున్నాడు.

"వద్దులెండి, తిరగనివ్వండి" అన్నాడు వెనక నిలబడ్డ మేనేజరుతో.

దారిలో ఉండబట్టలేక అడిగాను. "లోపల ఎలా ఉండి ఉంటుందంటావు బాబాయ్?"

"ఏమో అమ్మా, తెలీదు" అన్నాడు. ఆయన నోటినుంచి ఆ మాట అంత హాయిగా రావడం నేను అప్పుడే విన్నాను.

ఇంటికెళ్ళేసరికి పిన్ని కర్టెన్ కుడుతోంది. బాబాయి గడియారాన్ని మూలన ఆనించి, కుర్చీ మిషను వైపు తిప్పుకుని కూర్చున్నాడు. ఊచ మీద రిబ్బను చుట్ట తిరుగుతోంది. పిన్ని రెండుసార్లు తలెత్తి చూసి, చివరికి కాలు ఆపింది.

"ఏంటలా చూస్తున్నారు?"

"ఎలా కుడతావో చూద్దామని."

పిన్ని నావైపు తిరిగి, "ఏమైందే ఈయనకి?" అంది. నేను రిబ్బను కొస పట్టుకుని, ఊచ మీంచి తిన్నగా ఇంకాస్త లాగి ఆవిడ చేతికిచ్చాను.